ఒడిబియ్యం మూటతో ముంబై దర్శనం

ముంబై ఎట్లా ఉందని అడిగినవాళ్లందరికీ మా పెద్దమ్మ ఒకటే జవాబు చెప్తోంది: "గేట్లు మస్తుగున్నయ్." అంతకుమించి అడిగితే నన్ను చూపిస్తుంది. నేను నలుగురిలో నోరు విప్పే మనిషిని కాను. అందుకే రాసి పెడుతున్నాను. వెళ్లనివాళ్లు చదువుకోవచ్చు. వెళ్లొచ్చినవాళ్లు, మేం చూసిన ముంబై తాము చూసిందేనా అని సరిచూసుకోవచ్చు.

బాన్సువాడలో పడిన ముడి

ముందు మూట సంగతి చెప్పాలి. ఈ యాత్రలో అసలు ప్రయాణికురాలు మూటే. పెద్దమ్మా నేనూ దానికి తోడు వెళ్లాం.

మా వైపు ఆడబిడ్డ కొత్త ఇంట్లో అడుగుపెడితే పుట్టింటివాళ్లు వెళ్లి ఆమె ఒడిలో బియ్యం పోస్తారు. పసుపూ నూనే పట్టించిన బియ్యం, అందులో ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, వక్కలు, పైన ఒక రవికె గుడ్డ. ఇవే ఒడిబియ్యం. పెద్దమ్మ ఒక్కగానొక్క కూతురు స్వరూపక్కకు ఈ బియ్యం ఇప్పటిదాకా పడలేదు. మూడేళ్ల కిందట అక్క తనకు నచ్చిన కిరణ్ బావను పెళ్లి చేసుకుంది. బావవాళ్లు వర్ని దగ్గర కాలువ కింద పొలాలు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. పెద్దనాన్న పెళ్లికి వెళ్లలేదు. ఆ తర్వాత అల్లుడి పేరు పలకలేదు. ముంబై నుంచి ఫోనొస్తే బర్రెలకు నీళ్లు పెట్టాలని గుర్తొచ్చేది ఆయనకు. మా బర్రెలంత నీళ్లు తాగిన బర్రెలు మండలంలో ఉండవు.

ఇప్పుడు అక్కావాళ్లు డోంబివలిలో ఫ్లాటు కొన్నారు. ఆదివారం గృహప్రవేశం. పెద్దనాన్న రానన్నాడు. కానీ మేం బయల్దేరే రోజు పొద్దున్నే లేచి, సొంత పొలం బియ్యం తానే దించి, సోలతో తానే కొలిచి, పసుపు కలిపి, తెల్లగుడ్డలో మూట కట్టాడు. విత్తనం వడ్ల సంచులకు వేసే ముడి వేశాడు. అది ఆయన తప్ప ఇంట్లో ఎవరూ విప్పలేని ముడి. కట్టి, బర్రెల దగ్గరికి వెళ్లిపోయాడు.

పెద్దమ్మ బస్టాండులో నాకు నియమాలు చెప్పింది.

"మూడేండ్ల సంది నోరిప్పని మనిషి. గిదే ఆయన పంపిన కబురు. నేలమీద వెట్టద్దు. దాటద్దు. పరాయోల్ల చేతికియ్యద్దు. తిన్నగ పోయి బిడ్డ ఒడిల వడాలె. సమజయిందా?"

సమజయింది. ముంబై గురించి లైబ్రరీలో కూర్చుని చదివినదంతా ఆ క్షణమే నేలమీద పెట్టేశాను.

కిటికీ పక్క సీటు

నిజామాబాద్‌లో రైలెక్కాం. మూట కిటికీ పక్కన కూర్చుంది. దాని పక్కన పెద్దమ్మ, ఆ పక్కన మిగిలినంత జాగాలో నేను. నాందేడ్‌లో ఎక్కిన ఒకాయన ఆ సీటు ఎవరిదని హిందీలో అడిగాడు. పెద్దమ్మ బాన్సువాడ అంగట్లో నేర్చిన ఉర్దూలో నిదానంగా చెప్పింది: "హమారీ బచ్చీ కా హై." మా బిడ్డది అని. ఆయన వంగి మూటలోకి చూశాడు, పసిపాప ఎక్కడుందో అని. గుడ్డ మీద పసుపు మరకలు చూసి సర్దుకుని కూర్చున్నాడు. మన్మాడ్ దగ్గర తన పల్లీల పొట్లం మా ముందుంచి, బచ్చీకి బాగుందా అని కూడా అడిగాడు. మంచి మనిషి.

దాదర్: వదినా, వదినగారూ

బావ ఇల్లు కళ్యాణ్ స్టేషన్‌కు దగ్గర. అయినా మమ్మల్ని దాదర్ దాకా రమ్మన్నాడు. ఎందుకో అక్కడ దిగాక తెలిసింది.

"అత్తయ్యగారూ, ఫ్లాట్లో ఇంకా పెయింటింగ్ అవుతోందండీ. స్వరూప పనివాళ్ల దగ్గరుంది. సాయంత్రం దాకా అమ్మతో కలిసి ఊరు చూసి రండి. టూరు బస్సు ఇక్కడే ఎక్కాలి. ఆ మూట ఇలా ఇవ్వండి, కార్లో పెడతాను."

"ఫికర్ లేదు బిడ్డా, నాతోనె ఉంటది" అంది పెద్దమ్మ, మూటను చంకలోకి ఇంకా పైకి జరుపుకుని.

బావ వాళ్లమ్మ సత్యవతి గారు అప్పటికే నల్ల కళ్లద్దాలు, హ్యాండ్‌బ్యాగు, నీళ్ల సీసాతో సిద్ధంగా ఉన్నారు. కొడుకు దగ్గర మూడేళ్లుగా ఉంటున్నారు కాబట్టి ముంబై మొత్తం తెలుసన్నారు. ఇంటి నుంచి కూరగాయల మార్కెట్టు దాకా నిజంగానే తెలుసు.

"ఏంటండీ వదినగారూ అందులో? బియ్యమా? ముంబైలో బియ్యం దొరకవనుకున్నారా ఏంటి?"

"దొర్కుతయ్ వదినా. పుట్టిల్లు దొర్కది" అంది పెద్దమ్మ.

ఒడిబియ్యం ఆచారం వాళ్ల వైపు లేదు. ఆవిడ కళ్లద్దాలు కొంచెం కిందికి దించి మూటను చూసి, మళ్లీ పైకి పెట్టుకున్నారు. ఆ రోజు మేం నలుగురం తిరిగామనే అనుకోవాలి, మూటతో కలిపి.

గేట్లు

టూరు బస్సంటే ఊరు చూపిస్తారనుకున్నాను. గేట్లు చూపిస్తారు. గైడు మైకు పట్టుకుని, ఎడమవైపు చూడండి, ఫలానా పెద్ద హీరో ఇల్లు అనేవాడు. ఎడమవైపు గేటు ఉండేది. కుడివైపు చూడండి, ఫలానా కోటీశ్వరుడి మేడ. కుడివైపు ఇంకా పెద్ద గేటు. బస్సులో వాళ్లంతా లేచి నిలబడి ఫోన్లతో గేట్లను ఫొటోలు తీసేవాళ్లు. ఒకచోట గేటు ముందున్న కాపలాదారు మమ్మల్నే ఫొటో తీశాడు. ఆ రోజంతటిలో మమ్మల్ని చూడదగ్గవాళ్లుగా గుర్తించింది అతనొక్కడే.

"ఇంట్లున్నడా ఆయన?" అని పెద్దమ్మ అడిగింది.

"ఎందుకుంటాడండీ, షూటింగుల్లో ఉంటాడు" అన్నారు సత్యవతి గారు, హీరో తనకు చెప్పే వెళ్లినట్టు.

"ఇంట్ల లేనోని ఇంటికి వచ్చి తలుపు సూసి పోవుడేంది? మా ఊర్ల గిట్ల జేస్తే దొంగలంటరు."

మ్యూజియం దగ్గర బస్సు ఆగింది. మరమ్మతులని మూసేసి ఉంది. గైడు ఏమాత్రం తడబడకుండా మూసిన గేటు ఎదుట నిలబడి లోపలేముందో చెప్పాడు. నేను లైబ్రరీలో చదివి తెలుసుకున్నదీ అదే. ఇద్దరం సమానంగా లోపలికి వెళ్లలేదు.

సముద్రం ఒడ్డున రోడ్డు మీద బస్సు నెమ్మదించింది, ఆగలేదు. నేను సముద్రం చూడటం అదే మొదలు. ఏదో గొప్ప మాట తోస్తుందని ఎదురుచూశాను. ఈలోపు పెద్దమ్మ కిటికీలోంచి కళ్లు చికిలించి చూసి, "దీనికి తూములు ఏడున్నయ్?" అంది.

"సముద్రానికి తూములేంటండీ వదినగారూ?"

"మరి గిన్ని నీళ్లు ఎవలకిడుస్తున్నరు?"

నిజాంసాగర్ కాలువ కింద సేద్యం చేసినవాళ్లకు నీళ్లు కనిపిస్తే వచ్చే ప్రశ్న ఇది. ఎంత ఉందని కాదు, ఎవరి వంతు అని. సత్యవతి గారు కూడా కాలువ కింది రైతు ఇంటి మనిషే కాబట్టి ఇక నవ్వలేకపోయారు. "ఎవరికీ లేదండీ. ఊరికే ఉంది" అన్నారు. ఇద్దరూ ఆ నష్టానికి ఒకేసారి తల పంకించారు. పొద్దుటి నుంచి వాళ్లు ఏకీభవించిన మొదటి విషయం అది.

మధ్యాహ్నం వడాపావ్ తిన్నాం. మిర్చిబజ్జికి రావలసిన పేరుని ఆలుగడ్డ కొట్టేసి రొట్టె మధ్య దాక్కుందని పెద్దమ్మ తీర్పు. చాయ్ మాత్రం ఆమెకు మింగుడుపడలేదు. మా బస్టాండులో అదే ధరకు నిండు కప్పు ఇస్తారు, ఇక్కడ కటింగ్ అని సగం గ్లాసు. "సగం చాయ్‌కి ఇంకో పేరు వెట్టి అమ్ముతున్రు. తెలివి గీల్లదే." తాగేంతసేపూ మూట ఒళ్లోనే ఉంది. కడిగిన చేతులు ఆరకముందే నేను అందుకోవడం, పెద్దమ్మ కడుక్కున్నాక తిరిగి ఇవ్వడం. సత్యవతి గారు రెండుసార్లు చేయి చాపారు. రెండుసార్లూ పెద్దమ్మకు అది కనబడలేదు.

గోడ లేని గేటు

చివరగా గేట్‌వే ఆఫ్ ఇండియా. "మల్ల గేటేనా?" అంది పెద్దమ్మ. సముద్రం ఒడ్డున అంత ఎత్తు రాతి కమాను, చుట్టూ గోడ లేదు. పక్కనుంచి ఎవరైనా నడిచి వెళ్లిపోవచ్చు. గోడ లేని గేటు ఎందుకు కట్టారని ఆమె అడిగిన ప్రశ్నకు గైడు మైకు ఆపేశాడు.

లోపలికి పోయేచోట సామాను తనిఖీ. లేడీ కానిస్టేబుల్ మూటను వేలితో పొడిచి చూసి, విప్పమంది. పెద్దమ్మ విప్పనంది. విప్పలేం కూడా. పెద్దనాన్న ముడి. వెనకాల వరుస పెరిగింది. చివరికి ఆ కానిస్టేబులే తలలోంచి పిన్ను తీసి, పళ్లు బిగబట్టి, ఎట్లాగో ముడి వదులు చేసింది. లోపల పసుపు బియ్యం, కుడుకలు, రవికె గుడ్డ. ఆమె ముఖం మారింది.

"ఓటీ?"

పెద్దమ్మ పుట్టిల్లు మహారాష్ట్ర సరిహద్దున డోంగ్లి దగ్గర. సగం ఊరు మరాఠీ మాట్లాడుతుంది. "ముల్గీచీ ఓటీ" అంది గర్వంగా. కూతురి ఒడిబియ్యం అని.

వాళ్లకూ ఉందట, ఇదే బియ్యం, ఇదే రవికె గుడ్డ, పేరు మాత్రం ఓటీ. ఆమె బియ్యాన్ని వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది. గుడ్డ కొసలు కలిపి భక్తిగా తానే ముడి వేసి ఇచ్చింది. ఎంతో మర్యాదగల ముడి. వదులు ముడి.

అక్కడి నుంచి జరిగినదాంట్లో నా వంతు చెప్పుకోవాలి. నేను ఎవరికీ వద్దని చెప్పలేను. కమాను దాకా నడిచేలోపు ఒకతను నాకంటే పొడుగైన గొట్టం లాంటి బెలూను నా చేతుల్లో పెట్టేశాడు. దాన్ని రెండు చేతులతో కావలించుకుంటే తప్ప గాలికి ఆగదు. అందువల్ల మూట అందుకునే చేతులు నాకు లేవు.

అప్పుడే ఫొటో అతను వచ్చాడు, వెంటనే ప్రింటు ఇస్తానంటూ. ముందు ఒక మనిషిని నిలబెట్టి, చేయి ఎత్తిస్తాడు. ఫొటోలో ఆ మనిషి గేట్‌వేను కొసన రెండు వేళ్లతో పట్టుకుని ఎత్తినట్టు వస్తుంది. సత్యవతి గారికి అది తెగ నచ్చింది.

"దిగండి వదినగారూ. ఊళ్లో చూపించుకోవచ్చు. మూట నాకివ్వండి, నేను పట్టుకుంటాను."

"ఒద్దు వదినా." పెద్దమ్మ మూటను ఎత్తి నెత్తిన పెట్టుకుంది. ఆమె నీళ్ల బిందెలు, గడ్డిమోపులు, నారు కట్టలు చేయి ఆన్చకుండా మోసిన మనిషి. అదే అన్నిటికంటే భద్రమైన చోటు. చేయి ఎత్తింది, వేళ్లు కలిపింది.

"ఊపర్ దేఖో అమ్మా, ఊపర్" అన్నాడు ఫొటో అతను.

నెత్తిన బరువున్న మనిషిని పైకి చూడమనేవాడు మా ఊళ్లో ఉండడు. పెద్దమ్మకూ ఆ సంగతి తెలుసు. కానీ ఫొటో ముందు మనుషులు తమకు తెలిసినవి మర్చిపోతారు. పైకి చూసింది.

మూట వెనక్కి జారింది. మర్యాదగల ముడి గాల్లోనే విడిపోయింది. పసుపు బియ్యం రాళ్ల మీద వానలా పడింది. ఆ చప్పుడుకు, అక్కడున్న పావురాలన్నీ, అవి ఎన్ని ఉంటాయో వెళ్లినవాళ్లకు తెలుసు, ఒక్కసారిగా మా మీద వాలాయి.

సత్యవతి గారు నా చేతుల్లోంచి బెలూను లాక్కున్నారు. "పోండి, పోండి, మా కోడలి బియ్యం అవి" అంటూ దాంతో పావురాల్ని బాదడం మొదలుపెట్టారు. ఒక చెప్పు ఎటో పోయింది, కళ్లద్దాలు ఇంకెటో. బెలూను పగిలింది. ఆ శబ్దానికి పావురాలు లేచి, ఇంకొన్నిటిని పిలుచుకుని మళ్లీ దిగాయి.

ఇంతలో చీటీల పుస్తకంతో మున్సిపాలిటీ ఆయన ఒకడు వచ్చాడు. పావురాలకు గింజలు వేయడం నిషేధం, జుర్మానా కట్టాలి.

"మై నై డాలీ, వో ఈచ్ ఖాలియే" అంది పెద్దమ్మ. నేను వేయలేదు, అవే తినేశాయని. ఆయన రూల్సులో తిన్నవాళ్లకు జుర్మానా లేదు. నేను ఏదో చెప్పాలని నోరు తెరిచాను, మూశాను. చివరికి ఆ లేడీ కానిస్టేబులే పరుగున వచ్చి, ఇది మేత కాదు, ఓటీ అని మరాఠీలో ఆయనకు గట్టిగా చెప్పి పంపించింది. తను వేసిన ముడి విడిపోయిందని చూసి ఆమె కళ్లు దించేసుకుంది.

పెద్దమ్మ రాళ్ల మీద కూర్చుంది. నేల తగిలిన బియ్యం ఒడిలో పోయరు కాబట్టి ఏరడానికి కూడా లేదు.

"మూడేండ్లకు ఒక్క కబురంపిండు" అంది. "పావురాలకు వోయింది."

సత్యవతి గారి ఒడి

గుడ్డ మాత్రం నేల తాకలేదు. మూట జారుతున్నప్పుడే సత్యవతి గారు ఒక కొస పట్టేశారు. దాని మడతలో ఒక గుప్పెడు బియ్యం, ఒక కుడుక, రవికె గుడ్డ చిక్కుకుని ఉన్నాయి. బస్సులో ఆవిడ దాన్ని దోసిట్లో పెట్టుకుని, ఒంటి చెప్పుతో, కళ్లద్దాలు లేకుండా కూర్చున్నారు. పరాయివాళ్ల చేతికి ఇవ్వొద్దన్న నియమం ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. పెద్దమ్మ అడగలేదు, ఆవిడ ఇవ్వలేదు.

డోంబివలిలో రైలు దిగి ఆటో ఎక్కాక ఆవిడే అన్నారు.

"వదినగారూ, పాలు తోడెయ్యడానికి ఎంత పెరుగు కావాలండీ?"

"గింత" అంది పెద్దమ్మ, వేలికొస చూపిస్తూ.

"దాంతో గిన్నెడు పాలూ పెరుగైపోతాయి కదా. మరి ఇది గుప్పెడుందే."

తర్వాత ఇద్దరూ కిరాణా కొట్టు ముందు ఆటో ఆపించారు. పెద్దమ్మ ప్రతి సంచిలోంచీ ఒక గింజ కొరికి చూసి, ఇది ఏ కాలువ కింద పండిందని అడిగింది. కొట్టతను కోలం అన్నాడు. అది బియ్యం రకం పేరే గానీ కాలువ పేరు కాదని సత్యవతి గారు తేల్చారు. అయినా అవే కొన్నాం.

డోంబివలి

ఆదివారం పొద్దున పాలు పొంగాయి. రంగు వాసన పోలేదు. స్వరూపక్క పీట మీద కూర్చుని కొంగు పట్టింది. బియ్యం కంటే ముందు గుడ్డ కొసలు చూసింది.

"నాయిన గట్టలేదా?"

"గట్టిండు" అంది పెద్దమ్మ. "పోలీసోల్లు ఇప్పిన్రు."

అంతా విన్నాక అక్క నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకోబోయి, కొంగు ఖాళీ లేదని గుర్తొచ్చి ఆగింది. పెద్దమ్మ దోసిళ్లతో పోసింది. తెల్ల బియ్యంలో అక్కడక్కడ మా పొలం గింజలు పచ్చగా మెరిసి కనబడకుండా పోయాయి. పోసినదాంట్లోంచి కొంత పుట్టింటికి తిరిగి పంపడం ఆనవాయితీ. ఆ బియ్యాన్ని అదే గుడ్డలో సత్యవతి గారు కట్టారు. ఈసారి ఎవరూ విప్పకూడదని చాలా గట్టిగా, రెండు మోకాళ్ల మధ్య పెట్టుకుని.

మళ్లీ బాన్సువాడ

పెద్దనాన్న వాకిట్లోనే మూట అందుకుని విప్పబోయాడు. విప్పలేకపోయాడు. తిప్పి చూశాడు, గోటితో లాగాడు, పళ్లతో కూడా ప్రయత్నించాడు.

"గిదెవరి ముడి?"

"మీ వియ్యపురాలిది" అంది పెద్దమ్మ.

ఎట్టకేలకు వచ్చింది. ఆయన నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని, "గివి మనయి గావు" అన్నాడు. పెద్దమ్మ రెండు ఫొటోలు ఇచ్చింది. ఫొటో అతను ఆ గందరగోళంలోనూ తన పని మానలేదు. ఒకదాంట్లో పెద్దమ్మ వేళ్ల మధ్య గేట్‌వే సరిగ్గా కొసన ఉంది. తల వెనక గాల్లో పచ్చటి బియ్యం. రెండోదాంట్లో పావురాల మధ్య బెలూను ఎత్తిన సత్యవతి గారు.

జరిగింది పెద్దమ్మ చెప్పింది. ఆయన ఫొటోలు చూస్తూనే విన్నాడు.

"ఈమెనా వియ్యపురాలు? గట్టిగనే గొడ్తున్నది."

"ఆమె లేకుంటె గుప్పెడు గూడ మిగులకపోవు."

"మొత్తం తిన్నయా పావురాలు?"

"కింద వడ్డది ఒక్క గింజ ఇడువలే."

పెద్దనాన్న గుడ్డను నాలుగు మడతలు పెట్టాడు. "మనింటి ఒడిబియ్యం తిన్నంక అవి గూడ మన ఆడివిడ్డలే. మల్ల పొయ్యకుంటె తప్పయితది. వానకాలం వడ్లు రాంగనె నేనే తీస్కపోత."

పెద్దమ్మ నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను. బర్రెలు అరిచినా ఆయన లేవలేదు.

ఎవరినీ చూడకుండా అడిగాడు. "కళ్యాణ్‌ల దిగుడా, ఆ ముందరి స్టేషన్‌లనా?"

కళ్యాణ్ పేరు మేం ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. పావురాల దగ్గరికి పోయేవాళ్లకు ఆ స్టేషన్‌తో పనిలేదు. అక్కడ దిగేది డోంబివలికి పోయేవాళ్లు.

"కళ్యాణే" అన్నాను. ఆ యాత్ర మొత్తంలో ఒకరు అడిగినదానికి నేను వెంటనే జవాబు చెప్పింది అప్పుడే.